ఎడమ చేత్తో రాసిన మార్కులు

నిన్న మధ్యాహ్నం నర్మెట్టలో మండల విద్యాశాఖ కార్యాలయం మెట్లెక్కుతుంటే లక్క కాలుతున్న వాసన వచ్చింది. లోపల అటెండరు కొవ్వొత్తి మంట మీద లక్క కరిగించి జవాబు పత్రాల కట్టలకు సీలు వేస్తున్నాడు. మార్కులన్నీ ఇప్పుడు ఫోనులోనే ఎక్కిస్తున్నాం. వాటిని బట్టి ఏ బడి ఏ రంగులో ఉందో సాయంత్రానికల్లా తెర మీద కనిపిస్తుంది. అయినా సరే, కట్ట మీద లక్క ముద్ర పడందే ఆఫీసుకు తృప్తి ఉండదు. మా బడికి ఈసారి పసుపు రంగు వచ్చింది. "ఏం మేడం, జర చూసీ చూడనట్టు ఎయ్యొద్దా? ఆకుపచ్చ వస్తుండె గదా" అన్నాడు పక్క బడి హెడ్మాస్టరు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. పోయి అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. లక్క వాసన వస్తే నాకు ఖైరున్నీసా మేడం గుర్తొస్తారు.

నా మొదటి పోస్టింగు నెల్లికుదురు దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో. ప్రాథమికోన్నత పాఠశాల. ఒకటి నుంచి ఏడు దాకా తరగతులు, నలుగురు టీచర్లం. పిల్లల్లో సగం మంది తండా వాళ్లు, ఇంట్లో మాట్లాడేది లంబాడీ. ఖైరున్నీసా మేడం మా ప్రధానోపాధ్యాయురాలు. మానుకోటలో పుట్టి పెరిగిన మనిషి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు, తండా పిల్లలతో వచ్చీరాని లంబాడీ. తల మీద కొంగు జారకుండా ఎడమ చెవి వెనక ఒక పిన్నీసు. మొదటి బస్సుకు దిగేవారు. నేను ఆమెను ఒక్కరోజు కూడా హుషారుగా చూసిన గుర్తు లేదు. ఎప్పుడూ అలసిపోయినట్టే ఉండేవారు, కానీ పని మాత్రం ఆగేది కాదు. "పానం బాగలేకుంటే పోయి పండుకోండి మేడం" అంటే, "పండుకుంటే లేస్త అని నమ్మకం లేదు బిడ్డా, అందుకే కూసుంట" అనేవారు.

ఆమెకొక పద్ధతి ఉండేది. బడి గంట కొట్టక ముందే, పొద్దున ఏడున్నరకు, చదవడం రాని పిల్లలను వరండాలో చుట్టూ కూర్చోబెట్టుకునేవారు. ఎనిమిది మంది, అంతే. తొమ్మిదో పిల్ల ఉంటే ఎవరి నోరు కదులుతుందో, ఎవరిది కదలదో తనకు తెలియదనేవారు. ఆ ఎనిమిది మందిని ఏడాది మొదట్లో పెట్టే పరీక్ష మార్కులు చూసి ఎంచేవారు. దానికి మేమంతా పొద్దటి బడి అని పేరు పెట్టుకున్నాం.

ఆ రోజుల్లో సర్కారు బడులన్నిటికీ గ్రేడ్లు ఇచ్చేవారు. ఏడాదికి రెండు పరీక్షలు, జూలైలో ఒకటి, డిసెంబరులో ఒకటి. వాటిని బట్టి ఏ నుంచి డీ దాకా ఒక అక్షరం. ఆ అక్షరాన్ని ఆఫీసు గది గోడ మీద అందరికీ కనపడేలా రాయించాలి. దాని పేరు జవాబుదారీతనం. ఆ ఏడు ఇంకో మాట కూడా వచ్చింది. గ్రేడు పడిపోయిన చిన్న బడుల్లో ఆరు, ఏడు తరగతులు ఎత్తేసి హైస్కూల్లో కలుపుతారట. మా ఊరికి హైస్కూలు ఆరు కిలోమీటర్లు. తండా నుంచి ఇంకో రెండు. ఆడపిల్లలను అంత దూరం ఎవరు పంపుతారు? అది మాకందరికీ తెలిసిన సంగతే.

ఆరో తరగతి నాది. జూలై పరీక్ష పేపర్లు ముందేసుకుని దిద్దడానికి కూర్చున్నాను. సగం పేపర్లు తెల్లగా ఉన్నాయి. చేరి ఏడాది కూడా కాలేదు, నా తరగతి వల్ల బడి పోతుందన్న మాట పడతానేమోనని వణుకు. అప్పుడు చేశానండీ ఆ ఘనకార్యం. పెన్ను ఎడమ చేతికి మార్చుకుని, పిల్లల రాతలా వంకరటింకరగా ఉండేట్టు జవాబులు నేనే నింపాను. తండా పిల్ల జమునకు యాభైకి మూడు రావాల్సింది, ముప్పై ఒకటి వేశాను. క్లాసులో అదే ఎక్కువ. మేడం ఆ రోజు జ్వరంతో ఉన్నారు. నా మీద నమ్మకంతో పైపైన చూసి సంతకం పెట్టి, కట్టకు లక్క అద్దారు.

మా సోషల్ సారు యాదగిరన్నకు వారం తర్వాత సంగతి చెబితే తల పట్టుకున్నాడు. "ఓ పిచ్చి తల్లీ! మొదటి పరీక్షల ఎవలన్న ఎక్కువ ఏస్తరా? జూలైల తక్కువ ఎయ్యాలె, డిసెంబర్ల ఎక్కువ ఎయ్యాలె. గప్పుడే గద పిల్లలు ముందుకు పోయినట్టు కనవడేది! గా మాత్రం తెల్వదా?" నాకు నిజంగానే తెలియదు. మోసం చేయడానికి కూడా అనుభవం కావాలని ఆ రోజే తెలిసింది.

తర్వాత సమ్మె వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం కోసం అందరం రోడ్డు మీదికొచ్చాం. బడులకు తాళాలు పడ్డాయి. రోడ్డు మీదే వంటలు, రోడ్డు మీదే బతుకమ్మలు. మేడం కూడా టెంటు కింద కూర్చునేవారు, చేతిలో తస్బీ పూసలు తిప్పుకుంటూ. నినాదాలు ఇచ్చే గొంతు కాదు ఆమెది. ఒకసారి నాతో మెల్లగా అన్నారు. "రాష్ట్రం రావాలె, అస్తది. కని ఈ నెలన్నర పిల్లలది. గిది వాళ్లకు ఎవలు వాపస్ ఇస్తరు?" సమ్మె ముగిశాక ఆదివారాలు కూడా బడి నడిపాం. పొద్దటి బడిలో ఎనిమిది మంది కూర్చున్నారు. జమున అందులో లేదు. ముప్పై ఒకటి వచ్చిన పిల్లకు పొద్దటి బడి ఎందుకు? గంట కొట్టేదాకా ఆ పిల్ల గోడ మీద కాళ్లూపుతూ కూర్చునేది. నేను చూస్తూనే ఉన్నాను. చూసి కూడా నోరు విప్పలేదు.

డిసెంబరు పరీక్షకు దంతాలపల్లి వైపు నుంచి ఇద్దరు టీచర్లను తనిఖీకి వేశారు. వాళ్లలో పెద్దాయన రిజిస్టరు చూసి, "ముప్పై ఒకటి అచ్చిన బిడ్డ ఎవలు? సదువు వినిపియ్యి" అని వాచకం తెరిచి ఇచ్చాడు. జమున లేచి నిలబడి, వరుసల మీద వేలు జరుపుతూ గడగడా చదివింది. ఒక్క తప్పు లేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "బిడ్డా, నువ్వు జెప్పింది మూడో పాఠం. నేను తీసిచ్చింది ఏడోది" అన్నాడు మెల్లగా. చెవితో విన్న పాఠమంతా నోటికి పట్టేసిన పిల్ల. అంత తెలివైన పిల్ల! క్లాసులో ఎవరూ నవ్వలేదు. సగం మందికి ఆ తేడా తెలియనే తెలియదు.

మేడం బీరువాలో ఉన్న నా జూలై కట్ట విప్పించారు. జమున పేపరు తీసి, చాలాసేపు చూసి, "ఈ రాత ఎవలది?" అన్నారు. నాదే అన్నాను. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. "నువ్వు ఆ పిల్లకు మార్కులు ఏసిన అనుకుంటున్నవ్ స్వరూపా. నువ్వు ఆమె కూసునే జాగ గుంజుకున్నవ్. నా ఎనిమిది మందిల ఆమె పేరు లేకపాయె. ఐదు నెలలు నా కండ్ల ముంగట్నే గోడెక్కి కూసున్నది, నేను ఏమనుకున్న? హుషారు పిల్ల, ఆడుకోనీ అనుకున్న." పేపరు మడిచి బల్ల మీద పెట్టారు. నేను ఏడుస్తూ నిలబడ్డాను.

తనిఖీకి వచ్చిన పెద్దాయన మంచివాడు. చాయ్ తాగుతూ, "పోనీ మేడం, రెండోదాంట్ల కూడ గట్లనే ఏద్దాం. మేం ఏం సూడలే. బీ అస్తది, తరగతులు నిలవడ్తయి. ఆడపిల్లలు ఆగమైతరు, మీకెరుకనే గదా" అన్నాడు. అంతకన్నా మంచి మాట ఆ పూట ఎవరూ అనలేరు. నేను ఆశగా మేడం వైపు చూశాను. ఆమె కప్పు పక్కన పెట్టి కాగితం అందుకున్నారు. మొదటి పరీక్ష మార్కులు తప్పు, చూడకుండా సంతకం పెట్టింది తాను, చదవడం రాని పిల్లలు ఇంతమంది, వాళ్లకు ఇంకో టీచరు కావాలి. అంతే రాశారు. "మంచి గ్రేడున్న బడికి ఇంకో టీచర్ను ఎందుకిస్తరు సారూ? ఉన్నదున్నట్టు చెప్తేనే గద ఇచ్చేది" అన్నారు. నా పేరు కూడా రాయమన్నాను. "నీకు ముప్పై ఏండ్ల సర్వీసున్నది, నాకు ఆరు నెలలున్నది. మాఫ్ చేసిన అనుకోకు. రేపు ఏడున్నరకు రా. జమునను నువ్వు కూసోబెట్టుకో."

ఆమె నిజంగానే నమ్మారు, టీచరు వస్తాడని. వచ్చింది మెమో. మచ్చ లేని సర్వీసు పుస్తకంలో ఆఖరి ఆరు నెలలకు ఒక మచ్చ. గోడ మీద డీ అక్షరం రాయడానికి వచ్చిన పెయింటరుకు ఆమే కుర్చీ తెచ్చి వేశారు. నేను మాత్రం రోజూ ఏడున్నరకు వెళ్లాను. అక్షరం, గుణింతం, ఒత్తు. మార్చిలో ఒక పొద్దున జమున తాను కూర్చోవడానికి తెచ్చుకున్న ఎరువుల సంచి ఎత్తి పట్టుకుని, "టీచర్, గిది యూరియా! గీడ రాసున్నది!" అని అరిచింది. మేడం గదిలోంచి పరుగున వచ్చారు. ఆమె పరుగెత్తడం చూసింది ఆ ఒక్కసారే. జూన్‌లో ఆరు, ఏడు తరగతులు హైస్కూల్లో కలిపేశారు. అదే నెలలో మేడం రిటైరయ్యారు, నాకు జనగామ వైపు బదిలీ అయింది. జమున హైస్కూలు గడప తొక్కలేదని, తల్లితో మిర్చి ఏరడానికి ఖమ్మం వైపు పోయిందని ఆ చలికాలం యాదగిరన్న ఫోనులో చెప్పాడు.

రాష్ట్రం వచ్చాక నాలుగేళ్లకు, మేడంకు పక్షవాతం వచ్చిందని తెలిసి మానుకోట వెళ్లాను. మాట ముద్దగా వస్తోంది. కుశలం అడగకుండానే, "జమున?" అన్నారు. ఖమ్మం మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను. "మంచిగున్నది మేడం. డిగ్రీ చదువుతున్నది" అన్నాను. ఆమె కళ్లల్లో వెలుగు చూసి నేనే మురిసిపోయాను. "ఎక్కడ?" అన్నారు. ఏదో ఒకటి చెప్పాలి కదా, నోటికొచ్చింది అనేశాను. "ఇక్కడే మేడం, మానుకోట కాలేజీలనే." ఆమె తలుపు వైపు చూశారు. "ఇంత దగ్గర ఉండి నన్ను చూడరాలేదా?" అని, నేను ఏదైనా అనేలోపు తానే, "పరీక్షలున్నయేమో లే" అన్నారు.

నాలుగు నెలలకు ఆమె పోయారు. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు వెళ్లినప్పుడు ఆమె కూతురు నన్ను పక్కకు పిలిచింది. "టీచరమ్మా, జమున అనే పిల్ల నీకెరుకనా? అమ్మీ ఆఖర్దాక అడిగింది. కాలేజి ఇడిసే యాళ్లకు తన కుర్చీ దర్వాజ కాడ ఎయ్యమనేది. రోజూ." ఎరుకే అన్నాను. అంతే చెప్పి బస్సెక్కాను. ఇప్పటికీ నేను పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, చదివించుకుని, ఎంత వస్తే అంతే వేస్తాను. మా బడికి పసుపు రంగు వస్తుంది. దాన్ని నిజాయితీ అని మెచ్చుకునేవాళ్లున్నారు. నిజాయితీ ఏమీ కాదు, నాకు భయం.