మామగారి రంపానికి ఆయిల్ సీలు

అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గాని, దాంతో పిలిచేవాళ్ళు లేరు. బొంగరం అని పేరు పెట్టింది పిల్లనిచ్చిన మామగారు. పెళ్ళయిన కొత్తలో అల్లుడు భోజనానికి కూర్చున్నాడు. రెండు ముద్దలు తిని లేచాడు. పెరట్లో నీళ్ళ మోటారు ఎందుకు దగ్గుతోందో చూసొచ్చి మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. మామగారు కూతురి వంక చూసి, "అమ్మా, నీకు మొగుణ్ణి తెస్తున్నాననుకుని బొంగరాన్ని తెచ్చానే" అన్నారు. అంతే. ఆ పేరు వీధిలోకి వెళ్ళింది, అతను పనిచేసే షాపులోకి వెళ్ళింది, చివరికి అతనే ఫోనెత్తి "హలో, బొంగరాన్ని మాట్లాడుతున్నా" అనే దాకా వచ్చింది.

పగలంతా షాపులో పంపులు, జనరేటర్లు బాగుచేస్తాడు. అది కడుపు కోసం. ఇంట్లో చేసేది వేరు. అది పిచ్చి కోసం. పాత మోటారు రంపాలు, అంటే దుంగలు కోసే పెట్రోలు రంపాలు, ఎక్కడ మూలన పడున్నా వాసన పట్టి తెచ్చుకుంటాడు. వాటిని చేసిన కంపెనీలు ఎప్పుడో మూతపడ్డాయి. ముందుగదిలో గోడ పొడుగునా బల్లలు, బల్లల మీద విప్పదీసిన ఇంజన్లు, బిస్కెట్ డబ్బాల్లో మరలు. ఎవరైనా చుట్టం వస్తే సోఫా మీద ఇంజన్ సిలిండర్ పక్కకు జరిపి కూర్చోబెట్టాలి. వాళ్ళు లేచి వెళ్ళాక బట్టలకు గ్రీజు మరక ఉందో లేదో అతని భార్య గుమ్మం దగ్గర నిలబడి పరీక్షగా చూస్తుంది.

అసలు తమాషా ఏమిటంటే, రంపం నడిచిందంటే అతనికి దాని మీద మోజు పోతుంది. నడవనంత కాలమే ప్రేమ. ఏ స్ప్రింగో, ఏ కార్బ్యురేటర్ రబ్బరో దొరకడం లేదంటే ఇక ఒంట్లో చీమలు పాకుతాయి. బస్సెక్కుతాడు, రైలెక్కుతాడు, ముక్కూమొహం తెలియని వాళ్ళకు ఫోన్లు చేసి "మీ నాన్నగారి షెడ్డులో ఎర్ర రంగు రంపం ఒకటుండేదట కదండీ" అని అడుగుతాడు. అవతలివాళ్ళు తిడితే నవ్వుతాడు. తిట్టకపోతే మర్నాడు వాళ్ళ గుమ్మంలో ఉంటాడు. పెళ్ళాం మాత్రం తన గుమ్మంలో నిలబడి, వీధి చివరి దాకా చూసి చూసి, లోపలికి వెళ్తుంది.

పైగా ఒక నియమం. కంపెనీ సొంత పార్టే కావాలి. పోలికైనది, సరిపోయేది, మరో దాన్లోంచి తీసి అరగదీసినది పనికిరాదు. కంపెనీ ముద్ర ఉన్న విప్పని పొట్లం కనిపిస్తే కళ్ళకద్దుకుంటాడు. "సరిపోతే చాలదా అయ్యా?" అని అడిగి చూడండి, మీ పని అయిపోతుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఇలాంటి మనిషిని మామగారు ఒక్క కోరిక కోరారు.

ఆయన బతుకంతా చెట్లు కోసిన మనిషి. కలప డిపోలో ఆయన కోసిన దుంగకి మళ్ళీ కొలత అక్కర్లేదని చెప్పుకునేవాళ్ళు. ఆయన రంపం పూర్తిగా ఇనుముతో చేసింది, ఎత్తితే భుజం దిగిపోయేంత బరువు. ఎన్నో ఏళ్ళ కిందట పిస్టన్ గీరుకుపోయి ఆగిపోతే, గోనెసంచి కప్పి పక్కన పెట్టారు. అల్లుడు ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. "నీ చేతికిస్తే దాన్ని కూడా డబ్బాల్లో సర్దుతావు" అనేవారు.

తర్వాత ఆయన కూతురింటికి వచ్చి ఉంటున్నప్పుడు చేతులు వణకడం మొదలైంది. ఊరికే ఒళ్ళో పెట్టుకుంటే వణుకు. ఏదైనా గట్టిగా పట్టుకుంటే ఆగుతుంది. కాని ఆ పట్టుకునే బలం కూడా రోజురోజుకీ తగ్గుతుందనీ, మందులు కాస్త నెమ్మది చేస్తాయే గాని ఆపలేవనీ డాక్టరు చెప్పింది. ఇంటికొచ్చాక ఆయన గోనెసంచి తీయించి రంపాన్ని అల్లుడి ముందు పెట్టించారు.

"అల్లుడూ, ఈ చేతులు పూర్తిగా పోకముందు దీంతో ఒక్క దుంగ కోస్తాను. ఒక్కటి చాలు. చేసిపెడతావా?"

"అదెంత పని మామయ్యా!" అన్నాడు బొంగరం. అప్పటికే అతని చెయ్యి స్క్రూడ్రైవర్ కోసం జేబులోకి వెళ్ళింది.

అదెంత పనో తర్వాత తెలిసింది. పిస్టన్ కోసం తిరగని చోటు లేదు. కడకు వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు, రోజూ షాపుకు వెళ్ళే దారిలోని తుక్కు కొట్టులోనే దొరికింది. ఆ కొట్టు నడిపే ఆమెను అందరూ తుక్కక్క అంటారు. ఆవిడ ఒక చెక్కపెట్టె అడుగు నుంచి దాన్ని తీసి, చీరకొంగుతో తుడిచి ఇచ్చింది.

"తమ్ముడూ, ఇలాంటిది ఇంకోటి దొరుకుతుందని కలలో కూడా అనుకోకు. నేను పుట్టి బుద్ధెరిగి రెండోది చూళ్ళేదు."

పిస్టన్ దొరికాక మిగిలింది ఆయిల్ సీలు. చూడటానికి చిన్న రబ్బరు చక్రం. ఇంజన్ ఇరుసు చివర బిగుతుగా కూర్చుని బయటి గాలి లోపలికి పోకుండా చూస్తుంది. పాతది ముట్టుకుంటే పొడి అయిపోయింది. బేరింగుల షాపాయన కొలత చూసి, డబ్బాలో వెతికి, నల్లటి కొత్త సీలు ఒకటి చేతిలో పెట్టాడు.

"నీళ్ళ పంపుది అన్నా. లోపలి కొలత అదే, బయట వెంట్రుకవాసి రుద్దుకుంటే చాలు. తీసుకెళ్ళు."

"పంపు సీలు మా మామగారి రంపానికా?" అన్నాడు బొంగరం, ఏదో కూడని మాట విన్నట్టు. దాన్ని అక్కడే పెట్టేసి వచ్చాడు.

ఆ సంగతి తెలిసిన రోజు ఇంట్లో పెద్ద రభస అయింది.

"రబ్బరు ముక్క మీద ఎవరి పేరుంటే ఏంటండీ? నాన్న నిన్న టీ కప్పు వదిలేశాడు. కాళ్ళ మీద పడింది. ఎవరూ చూళ్ళేదనుకుని తనే తుడుచుకున్నాడు" అంది భార్య.

"ఇన్నాళ్ళూ ఆగి ఇప్పుడు డూప్లికేటు వేస్తే ఏం బాగుంటుంది? వారం ఆగు. ఒకాయన దగ్గర ఉందన్నారు."

"మీ వారం!" అని ఆమె వంటగదిలోకి వెళ్ళిపోయింది.

వెళ్ళాడు. ఆ ఒకాయన దగ్గర లేదు. ఇంకో ఊళ్ళో ఉందన్నారు, అక్కడా లేదు. ఎండలు పోయాయి, వానలు వచ్చాయి, పోయాయి. మామగారు రెండు చేతులతో గ్లాసు పట్టుకోవడం మొదలుపెట్టారు. బొంగరానికి బాధ లేదని కాదు. బాధ ఉన్నకొద్దీ ఇంకా తిరిగాడు. ఇంటి పట్టున ఉంటే ఆ చేతులు చూడాలి కదా! రైల్లో కిటికీ పక్కన కూర్చుని కూడా లేచి తలుపు దాకా వెళ్ళి వచ్చేవాడు, తను నడిస్తే రైలు ఇంకాస్త ముందు చేరుతుందన్నట్టు.

ఆఖరికి తుక్కక్క దగ్గర్నుంచే ఫోను. ఎవరో మూసేసిన దుకాణం సరుకు కొట్టులోకి వచ్చింది. అందులో కంపెనీ ముద్ర చెరగని, విప్పని పొట్లం. లోపల ఆయిల్ సీలు. ఆవిడ పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి, "మన వయసుంటుందేమో దీనికి" అంది. బొంగరానికి ఆ మాట వినపడితేగా!

మామూలుగా ఇంజన్ బిగించాక అతను ఒక పరీక్ష చేస్తాడు. లోపలికి గాలి కొట్టి, నీళ్ళ టబ్బులో ముంచి, ఎక్కడైనా బుడగలు వస్తున్నాయేమో చూస్తాడు. ఈ పరీక్ష చెయ్యని మెకానిక్కులని ఎంతెంత మాటలు అనేవాడో! ఈసారి తనే మానేశాడు. పొట్లం అసలుదైతే లోపలిది అసలుదే కదా, ఇంకా పరీక్ష దేనికి అనుకున్నాడు. ఆ ఉదయం మామగారి చేతిపట్టు చాలా రోజుల తర్వాత బాగుందని భార్య చెప్పడంతో ఇక కాలు నిలవలేదు. ఆత్రపు పెళ్ళికొడుకు అత్త మెడలో తాళి కట్టాడట. అచ్చం అదే వరస.

పెరట్లో నాలుక్కాళ్ళ చెక్క స్టాండు మీద దుంగ పెట్టారు. మామగారు డిపో రోజుల నాటి తోలు బూట్లు వేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చారు. భార్య తలుపు దగ్గర నిలబడింది. రంపం కాసేపు మొరాయించి, పొగ కక్కి, అందుకుంది. ఆ చప్పుడు వినగానే ముసలాయన మొహం విచ్చుకుంది. వణుకుతున్న చేతులు పిడి మీద పడ్డాయి, బిగుసుకున్నాయి, ఆగిపోయాయి. బొంగరం వెనకనుంచి ఆనుకుని నిలబడి, బరువు తనూ కాస్త మోస్తూ, బొటనవేలు ఇంజన్ ఆపే స్విచ్చు పక్కన ఉంచుకున్నాడు.

రంపం పళ్ళ చైను చెక్కలోకి దిగింది. తెల్లటి పొట్టు బూట్ల మీద పడుతోంది. మామగారు తొందరపడటం లేదు. రంపాన్ని తొయ్యడం లేదు, దాని బరువుకి దాన్ని వదిలేస్తున్నారు. ఎంత నేర్చినా తనకు పట్టుబడని పద్ధతి అది అనుకున్నాడు బొంగరం.

దుంగ సగం తెగేసరికి చప్పుడు మారింది. సన్నగా, పైకి, ఇంకా పైకి. తెలియనివాళ్ళకు అది ఉత్సాహంగానే వినపడుతుంది. గుమ్మంలో భార్య చప్పట్లు కొట్టింది కూడా. బొంగరానికి మాత్రం సంగతి అర్థమైంది. ఇంజన్ ఎక్కడినుంచో గాలి పీలుస్తోంది. గాలి ఎక్కువైతే పెట్రోలు పలచబడుతుంది, దాంతోపాటే అందులో కలిపి పోసిన, పిస్టన్‌ని తడిపే నూనె కూడా. అప్పుడు రంపం ఎన్నడూ లేనంత వేగంగా తిరుగుతుంది, వేడెక్కుతుంది, బిగుసుకుని చస్తుంది. సీలు! పొట్లం విప్పకపోతే మాత్రం, లోపల రబ్బరు ముసలిది కాకుండా ఉంటుందా? ఇన్నేళ్ళుగా ఆ ముద్ర వెనక అది గట్టిపడుతూనే ఉంది. తుక్కక్క చెప్పనే చెప్పింది. బేరింగుల షాపులో నిన్నగాక మొన్న చేసిన సీలు చేతిలో పెడితే తనే కాదన్నాడు.

బొటనవేలు స్విచ్చు మీదికి వెళ్ళింది. నొక్కితే చాలు. పిస్టన్ బతుకుతుంది. వారంలో సీలు మార్చి మళ్ళీ బిగించవచ్చు. నొక్కకపోతే ఇంకోటి దొరకదు, ఈ రంపం ఇక ఈ జన్మకి లేవదు.

అతను మామగారి చేతుల వంక చూశాడు. నిలకడగా ఉన్నాయి. వచ్చే వారం ఉంటాయా? ఏమో. ఇన్ని నెలలు తను తిరిగిన తిరుగుళ్ళన్నీ ఈ చేతుల కోసమే అనుకున్నాడు గాని, ఇంత దగ్గరగా వీటిని చూసి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తు రాలేదు. సిగ్గేసింది. బొటనవేలు తీసేశాడు.

రంపం కేక పెడుతూనే ఉంది. దుంగ రెండుగా తెగి నేల మీద పడింది. ఆ మరుక్షణం లోపల కర్రుమని చప్పుడై, చైను ఉన్నచోటే ఆగిపోయింది. కాలిన వాసన వచ్చింది.

మామగారు రంపాన్ని అల్లుడికి వదిలేసి, వంగి తెగిన చెక్కని అరచేత్తో నిమిరారు. కోత అద్దంలా నున్నగా ఉంది. ఆయన చెయ్యి మళ్ళీ వణకడం మొదలుపెట్టింది.

"గాలి పీల్చింది కదా?" అన్నారు.

బొంగరం ఉలిక్కిపడ్డాడు. "మీకు వినపడిందా మామయ్యా?"

"సగం కోతలోనే. బతుకంతా దాని పక్కనే ఉన్నవాణ్ణి, నాకు వినపడకపోతే ఎవరికి వినపడుతుంది? నీ వేలు స్విచ్చు మీదికి రావడం కూడా చూశాను. ఆపలేదేం?"

"మీరు కోస్తున్నారు కదా" అన్నాడు. రంపాన్ని కింద పెడుతూ, "మీకు తెలిసినప్పుడు మీరే ఆపొచ్చు కదా! ఇంకో పిస్టన్ దొరకదని చెప్పాను కదా మీకు!" అన్నాడు, దాదాపు కోపంగా.

"ఆపితే ఏమంటావు? వారంలో బాగుచేస్తానంటావు." ముసలాయన కూతురి వైపు తల తిప్పారు. "నీ వారం ఎంత పొడుగో దానికి తెలుసయ్యా. దుంగ కోస్తే కోశాను, లేకపోతే లేదు. నా కూతుర్ని మాత్రం మళ్ళీ నీకోసం ఆ గుమ్మంలో నిలబెట్టదలచుకోలేదు."

బొంగరానికి ఏడుపొచ్చింది. దాచుకోవడానికి వేడి రంపం మీదికి వంగాడు గాని, చేతికి ఏ పనీ తోచలేదు. భార్య మెట్లు దిగి వచ్చింది. తండ్రి చెప్పిందంతా విన్నది. తెగిన దుంగ ముక్కని కాలితో నిలబెట్టి, తండ్రి చెయ్యి పట్టుకుని దాని మీద కూర్చోబెట్టింది. తర్వాత మొగుడి వంక చూసింది.

"ఇప్పుడు ఏ ఊరు?"

"ఏ ఊరూ లేదు."

ఆమె నమ్మలేదు. అయినా రెండో ముక్కని అతని వైపు దొర్లించింది.