దారిమార్పు పేజీలో దీపం

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. స్టాఫ్ రూములో ఎవరైనా అలాంటి మాట మొదలుపెడితే, నువ్వు చూశావా, మీ చిన్నాన్న చూశాడా, చూసినాయన ఫోన్ నంబరు ఉందా అని అడిగి నోరు మూయించే మనిషిని నేను. ఇప్పుడు నన్నెవరైనా అలా అడిగితే చెప్పడానికి నా దగ్గర నంబరు లేదు. జరిగింది జరిగినట్టు రాయడం ఒక్కటే చేయగలను.

నేను తాండూరులో ఒక ప్రభుత్వ పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్తాను. ఇల్లు వికారాబాద్‌లో. పొద్దున రైలెక్కి పోవడం, సాయంత్రం రైలెక్కి రావడం. పదేళ్లుగా ఇదే బతుకు. రైల్లో అందరూ నిద్రపోతారు, లేదంటే ఉల్లిగడ్డ ధర గురించి మాట్లాడుకుంటారు. నేను మాత్రం ఫోన్ తీసి విజ్ఞాన సర్వస్వం పని చేసుకుంటాను.

ఇంటర్నెట్‌లో అందరూ కలిసి ఊరికే రాసే విజ్ఞాన సర్వస్వం ఒకటి ఉంది కదా, అందులో తెలుగు పేజీలు చూసే నిర్వాహకుల్లో నేనొకదాన్ని. జీతం లేదు, మర్యాద అంతకన్నా లేదు. నాకు అప్పగించింది దారిమార్పు పేజీల పని. మీరు ఒక పేరుతో వెతికితే, ఆ పేరుతో వ్యాసం లేకపోతే, మిమ్మల్ని వేరే పేజీకి తీసుకుపోతుంది చూడండి, మధ్యలో ఆ పని చేసేదే దారిమార్పు పేజీ. అందులో చదవడానికి ఏమీ ఉండదు. అటు పొమ్మని చూపించే ఒక్క వరుస, అంతే. అలాంటివి వేలకొద్దీ పోగుపడ్డాయి. పాత పేరు నుంచి వచ్చినవి ఒక వర్గం, మరో పేరు నుంచి వచ్చినవి ఇంకో వర్గం, ఇలా విడదీసి సర్దడం నా పని. వినడానికి విసుగ్గా ఉంటుంది కానీ, నాకు అదొక సుఖం. బియ్యంలో రాళ్లేరినట్టు ఉంటుంది.

ఆ వర్గాల్లో ఒకటి నిర్జన గ్రామాలది. రెవెన్యూ లెక్కల్లో బేచిరాగ్ అంటారు. దీపం పెట్టే మనిషి లేని ఊరు. పేరుంటుంది, సర్వే నంబర్లుంటాయి, మనుషులుండరు. అలాంటి ఊరికి ప్రత్యేకంగా వ్యాసం ఎందుకని, జనం లేచిపోయి ఏ ఊళ్లో స్థిరపడ్డారో ఆ ఊరి పేజీకి దారి మారుస్తాం.

పోయినేడు కంది పూతకొచ్చిన రోజుల్లో, ఒక ఆదివారం, బషీరాబాద్ వైపు, కర్ణాటక సరిహద్దు దగ్గరి ఒక ఊరికి అలాగే దారి మార్చాను. ఆ ఊరి పేరు రాయను. ఎందుకో చివర్లో చెప్తాను. బావులెండిపోయి, బడి మూతపడి, జనమంతా రోడ్డు మీది ఊరికి వచ్చేశారు. సర్కారు జాబితాలో జనాభా దగ్గర సున్నా ఉంది. పేజీలో ఉన్న రెండు వాక్యాలూ తీసేసి, రోడ్డు మీది ఊరికి దారి చూపించి, నిర్జన గ్రామాల వర్గంలో పడేశాను.

మర్నాడు బడిలో ఆ సంగతి బాలమణితో అన్నాను. బాలమణి మా బడి ఆయా. తరగతులు ఊడ్చేది, గంట కొట్టేది ఆమే. అటువైపు మనిషి కాబట్టి, మీ దిక్కు ఊరొకటి ఖాళీ అయిపోయిందట కదా అని పేరు చెప్పాను. ఆమె చీపురు పక్కన పెట్టింది.

"ఎవరన్నరు మేడం ఖాళీ అయిందని? మా అమ్మ ఉంది గదా గాడ."

అప్పుడు తెలిసింది. వాళ్లమ్మ పేరు మల్లమ్మ. గొర్రెలు కాసిన కుటుంబం. భర్త పోయాడు, గొర్రెలు అమ్మేశారు, ఊరంతా లేచిపోయింది. ఈమె మాత్రం కదలనంది. అక్కడ కరెంటు లేదు, ఫోనుకు సిగ్నల్ లేదు, ఆమెకు అక్షరమ్ముక్క రాదు. బాలమణి ప్రతి ఆదివారం షేర్ ఆటోలో బషీరాబాద్ దాకా పోయి, అక్కడి నుంచి నడిచి, బియ్యం, నూనె, మందులు ఇచ్చి వస్తుంది. పోయేటప్పుడల్లా పానం ఉంటదో లేదో అని గుండె దడదడలాడుతుందని చెప్పింది.

అయ్యో అనాల్సిన చోట నేనేమన్నానో తెలుసా? జాబితాలో సున్నా ఉంది బాలమణీ, నువ్వు చెప్పావని మార్చలేను, దేనికైనా ఆధారం కావాలి, పేపర్లోనో పుస్తకంలోనో వచ్చి ఉండాలి అన్నాను. మా పనిలో అది మొదటి నియమం. కళ్లారా చూసినా సరే, ఎక్కడా అచ్చు కాకపోతే లెక్కలోకి రాదు.

"నేను చెప్తున్న గదా మేడం. కన్నబిడ్డ చెప్తే గూడ ఆధారం గాదా?"

నవ్వాను. అవును, నవ్వాను. పక్కన హిందీ మేడం కూడా నవ్వింది. బాలమణి చీపురు తీసుకుని పోయింది.

ఆ సాయంత్రం ఎవరో నా దారిమార్పు తీసేసి, ఆ పేజీలో ఒక్క వాక్యం పెట్టారు. "ఈడ మనిషి ఉంది." ఖాతా లేని వాళ్లు రాస్తే పేరుకు బదులు కొన్ని అంకెలు కనిపిస్తాయి. అంకెలే ఉన్నాయి. వాటిని పట్టుకుని ఏ ఊరినుంచో చూద్దామంటే తేలలేదు. సమయం మాత్రం ఉంది. పొద్దుగూకే వేళ.

మర్నాడు పొద్దున రైలు ధారూర్ దాటేలోపు దాన్ని రద్దు చేసి నా దారిమార్పు నేను పెట్టేశాను. సాయంత్రం మళ్లీ వచ్చింది. "దీపం పెట్టిన." మళ్లీ తీసేశాను. మళ్లీ "దీపం పెట్టిన." రెండు వారాలు ఇదే వరస. పొద్దుగూకగానే రాయడం, పొద్దున నేను తుడిచేయడం. నేను మొండిదాన్ని. పంతం పట్టానంటే వదలను.

ఇది బాలమణి బిడ్డ శ్రావణి పనేననుకున్నాను. తాండూరులోనే డిగ్రీ చదువుతోంది, చేతిలో ఫోనుంది, అమ్మను చూసి నలుగురిలో నవ్వానని కోపం కూడా ఉండుంటుంది. ఒకరోజు తల్లికోసం బడికొస్తే పిలిచి గట్టిగానే అడిగాను. ఆ పిల్ల తెల్లమొహం వేసింది. అలాంటి పేజీలు మనం కూడా రాయవచ్చా మేడం అని నన్నే అడిగింది. భలే నటిస్తోంది అనుకున్నాను.

తర్వాతి ఆదివారం బాలమణికి జ్వరం. తల్లి దగ్గరికి పోలేకపోయింది. సోమవారం ముఖం పీక్కుపోయి వచ్చి, వచ్చే ఆదివారం దాకా అమ్మకు బియ్యం సరిపోతాయిలే అని తనకు తానే చెప్పుకుంది.

ఆ సోమవారం సాయంత్రం పేజీలో వాక్యం మారింది. "కాలిరిగింది. లేవొస్తలేదు."

మంగళవారం పొద్దున రైల్లో చూశాను. నాకు భయం వేయలేదు. మండిపోయింది. ఆటకు ఒక హద్దుండాలి, సొంత అమ్మమ్మ మీద ఇలాంటి రాతలా అనుకున్నాను. రద్దు చేశాను. రద్దు చేసేటప్పుడు కారణం రాసే చిన్న గడి ఒకటుంటుంది. అందులో ఎప్పుడూ రాసేదే రాశాను. "ఆధారం లేదు."

బడికి పోయాక బాలమణి వరండా ఊడుస్తోంది. చెబుదామా అని ఒక్క క్షణం ఆగాను. చెబితే తల్లీబిడ్డలకు గొడవ, నాకెందుకులే అని క్లాసుకు పోయాను. ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. మధ్యాహ్నానికల్లా అక్కడ ఉండేవాళ్లం.

ఆ సాయంత్రం "నీళ్లు లేవు" అని వచ్చింది. బుధవారం పొద్దున అదీ తీసేసి, పేజీకి తాళం వేశాను. నిర్వాహకులకు ఆ వీలుంటుంది. తాళం వేశాక నిర్వాహకులు తప్ప ఇంకెవరూ ఆ పేజీలో అక్షరం మార్చలేరు. బుధవారం సాయంత్రం ఏమీ రాలేదు. పీడా పోయింది అనుకున్నాను.

గురువారం సాయంత్రం వచ్చింది. "దీపం పెట్టిన." ఈసారి రాసినవారి చోట అంకెలు లేవు. నా పేరుంది.

ఆ సమయానికి నేను తిరుగు రైల్లో ఉన్నాను. సీటు దొరక్క తలుపు దగ్గర నిలబడ్డాను. ఫోన్ చార్జింగ్ అయిపోయి సంచిలో పడుంది. ఇంటికొచ్చి చార్జింగ్ పెట్టాకే ఇది చూశాను. ఎవరో పాస్‌వర్డ్ కొట్టేశారని సర్ది చెప్పుకుని దాన్ని మార్చాను. శుక్రవారం పొద్దుగూకే వేళకు కావాలని ఫోన్ ఆపేసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వికారాబాద్‌లో దిగి ఫోన్ తెరిస్తే, మళ్లీ అదే మాట, నా పేరుతోనే.

శనివారం బడికి పోతూనే బాలమణితో, మీ అమ్మను ఒకసారి చూసొద్దాం పద అన్నాను. ఎందుకని అడగలేదు. నా ముఖం చూసి చీపురు వదిలేసి వచ్చింది. హెడ్‌మాస్టర్‌కు చెప్పి ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. దారంతా కంది చేలు, నాపరాళ్ల గనులు.

ఊరు ఊరంతా కూలిన గోడలు. చివర్లో బండలు పేర్చి కట్టిన ఒక్క ఇల్లు నిలబడి ఉంది. తలుపు దగ్గరికి వేసి ఉంది. తోసేసరికి వాసన కొట్టింది. మల్లమ్మ గుమ్మానికి కొద్ది దూరంలో, నేల మీద పడి ఉంది. ఎడమకాలు మోకాలి కింద వంకరపోయింది. ఒక చెయ్యి నీళ్లకుండ వైపు చాచి ఉంది. కుండ అందనంత దూరంలో ఉంది.

బాలమణి కూలబడిపోయి తల్లి తల ఒళ్లోకి తీసుకుంది. నేను కళ్లు పక్కకు తిప్పుకున్నాను. అప్పుడు కనబడింది. గోడ గూట్లో దీపం వెలుగుతోంది.

పట్టపగలు, పన్నెండు దాటింది. గూడు నా భుజమంత ఎత్తులో ఉంది. ప్రమిదలో నూనె నిండుగా ఉంది. నూనె సీసా కోసం వెతికాను. మూలన ఖాళీగా, బోర్లపడి ఉంది. ఆటో డ్రైవర్ కూడా లోపలికొచ్చి చూశాడు. బాలమణి కూడా చూసింది. ముగ్గురం చూశాం కాబట్టి ఇది నా భ్రమ కాదు.

తాండూరు ఆస్పత్రిలో డాక్టర్ చూసి, కాలు విరిగి లేవలేక, నీళ్లు లేక పోయిందన్నాడు. ప్రాణం పోయింది బుధవారం రాత్రి గానీ, గురువారం తెల్లవారుజామున గానీ అన్నాడు. గురువారం, శుక్రవారం సాయంత్రాలు "దీపం పెట్టిన" అని రాసింది ఎవరో నాకు తెలియదు. అటువైపు గొర్రెలు మేపే ఒక కన్నడాయనను అడిగాం. తనెప్పుడూ ఆ ఇంటికి పోలేదట. రోజూ సాయంత్రం దూరం నుంచి దీపం కనిపించేదట, నిన్న కూడా కనిపించిందట. దీపం ఉంది కాబట్టి అవ్వ బాగానే ఉందనుకున్నాడట.

ఆ శనివారం నుంచి పేజీలో ఇంకేమీ రాలేదు.

పదకొండో రోజు బాలమణి నా చేతులు పట్టుకుంది. "మీరు రమ్మనకుంటే మా అమ్మ ఇంకెన్ని దినాలు గట్లనే పడుండునో మేడం. మీకెట్ల తెలిసింది?" అని అడిగింది. ఊరికే మనసుకు అనిపించింది అన్నాను. ఆమె నన్ను దండం పెట్టి సాగనంపింది.

పాస్‌వర్డ్ పోయిందనుకుందాం. కన్నడాయన అబద్ధం చెప్పాడనుకుందాం. అన్నీ ఒకదానికొకటి అతికించి చూశాను, అతకలేదు. అతికించడం మానేశాను.

ఇప్పుడు ఆ ఊరు నిజంగానే బేచిరాగ్. నా దారిమార్పు నియమం ప్రకారం సరైనదే. కానీ మా దగ్గర ఏ పేజీకైనా చరిత్ర ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఏం రాశారో, ఏం తీసేశారో ఒక్కటీ చెరిగిపోదు. ఎవరైనా నొక్కి చూడవచ్చు. ఊరి పేరు రాయకపోవడానికి కారణం అదే.

పోయిన వారం శ్రావణి వచ్చింది. మా అమ్మమ్మ ఊరి పేజీలో ఆమె పేరు రాయాలి, ఎట్ల రాయాలో నేర్పించండి మేడం అంది. నేర్పడం మొదలుపెడితే మొదటి రోజే చరిత్ర తెరుస్తుంది. సోమవారం సాయంత్రం వచ్చిన వాక్యం చూస్తుంది. దాని కింద మంగళవారం పొద్దున నా పేరు, నా రెండు మాటలు చూస్తుంది.

అందుకే ముందు ఆ పిల్లకు ఈ కాగితాలు ఇస్తున్నాను. వాళ్లమ్మకు చదివి వినిపించమంటాను. ఆ రెండు మాటల దగ్గరికొచ్చాక వదిలేయకుండా చదవమని కూడా చెప్తాను.