వరఖ్ సుత్తులు ఆగినప్పుడు

పన్నెండేళ్ల క్రితం, బడులు తెరిచే జూన్ నెలలో, శాలిబండలోని ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రంలో నన్ను ఆయాగా తీసుకున్నారు. అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్లు. అంతకుముందు ఫంక్షన్ హాళ్లలో గిన్నెలు తోమేదాన్ని. చదవడం, రాయడం వచ్చా అని అడిగితే వచ్చని చెప్పాను. రాదంటే ఆ పని ఇవ్వరని ముందే విన్నాను. అంకెలు మాత్రం బస్సు నంబర్ల వల్ల, గడియారం వల్ల వచ్చేవి.

కేంద్రంలో పెద్ద, వనజ మేడమ్. గుంటూరు వైపు మనిషి, ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన టీచరు. పదిహేను రోజులకొకసారి సైకాలజిస్టు సారు వచ్చి పిల్లలను చూసి, ఎవరితో ఎలా మెలగాలో చెప్పి వెళ్లేవారు. అందరికన్నా కింద ఆయా. పిల్లలకు తినిపించడం, బాత్రూంకు తీసుకెళ్లడం, పడిపోకుండా చూసుకోవడం నా పని. దానితోపాటు ఒక నోటుబుక్కు కూడా ఇచ్చారు.

ఆ నోటుబుక్కు గురించి కొంచెం చెప్పాలి. మాట రాని పిల్ల తల బాదుకున్నా, చెయ్యి కొరుక్కున్నా దానికేదో కారణం ఉంటుంది. అది కనిపెట్టడానికి నాలుగు గడులు గీస్తారు. ఎన్ని గంటలకు జరిగింది, దానికి ముందు ఏం జరిగింది, పిల్ల ఏం చేసింది, తర్వాత మనం ఏం చేశాం. కొన్ని వారాలు రాస్తే పిల్ల నోటితో చెప్పలేనిది కాగితం మీద కనిపిస్తుంది. సారు పిల్లతో గడిపేది గంటసేపు. మిగతాదంతా ఈ బుక్కు చూసి తెలుసుకోవలసిందే.

నాకు అప్పజెప్పిన పిల్ల పేరు కావేరి. ఏడేళ్లు, మాటలు రావు. వాళ్లకు లాడ్ బజార్‌లో గాజుల దుకాణం. తల్లి అనసూయ పొద్దున ఆటోలో దింపి వెళ్లేది. కావేరి రోజుకు రెండు సార్లు నుదురు గోడకేసి కొట్టుకునేది. మొదటి రోజు మేడమ్ దగ్గరుండి చూసి, మొదటి వరుస తానే నింపి, "ఇలాగే రోజూ రాయి యాదమ్మా" అని బుక్కు నా చేతికిచ్చారు.

నేను అచ్చంగా అలాగే రాశాను. సమయం గడిలో అంకెలు నావే. మిగతా మూడు గడుల్లో మేడమ్ రాసినదాన్ని ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు, వంపుకు వంపు కిందికి దించుకుంటూ పోయాను. అందులో ఏముందో నాకు తెలియదు. ఒకరోజు మేడమ్ బుక్కు తిరగేసి, "నీ అక్షరాలు ఎంత గుండ్రంగా ఉన్నాయి యాదమ్మా. మా ఎమ్మే చదివినవాళ్లు కూడా ఇంత శుభ్రంగా రాయరు" అన్నారు. ఆ మెప్పు విన్నాక నిజం చెప్పడం ఇంకా కష్టమైంది.

కావేరి ఎందుకు కొట్టుకుంటుందో మాత్రం నెల తిరగకుండానే నాకు తెలిసిపోయింది. మా తరగతి కిటికీకి ఎదురుగా వరఖ్ కొట్టే కార్ఖానా ఉండేది. మిఠాయిల మీద, పాన్ మీద అద్దే వెండి రేకును వరఖ్ అంటారు. చిన్న వెండి ముక్కలను తోలు పుస్తకం పేజీల మధ్య పెట్టి గంటల తరబడి సుత్తితో కొడితే అంత పలచనవుతుంది. చాంద్ భాయ్, ఇంకో ఇద్దరు కూర్చుని కొట్టేవాళ్లు. కొత్తవాళ్లకు ఆ మోతకు తలనొప్పి వచ్చేది. కావేరి మాత్రం ఆ మోతలోనే నెమ్మదిగా పూసలు గుచ్చేది. పదకొండింటికి వాళ్లు చాయ్‌కు లేచినప్పుడు, మధ్యాహ్నం నమాజుకు లేచినప్పుడు సుత్తులు ఆగేవి. అప్పుడే ఈ పిల్ల నుదురు గోడకు ఆనించి అదే లెక్కలో కొట్టడం మొదలుపెట్టేది. ఆగిపోయినదాన్ని తాను నడిపిస్తున్నట్టు ఉండేది.

నేను పిల్లను ఎత్తుకుని బయట మెట్టు మీద కూర్చుని, వీపు మీద అరచేత్తో అదే దెబ్బ వేసేదాన్ని. రెండు నిమిషాల్లో తల నా భుజం మీద వాల్చేది. చాంద్ భాయ్ చాయ్ సాసర్‌లో పోసుకుంటూ నవ్వేవాడు. "యాదమ్మా, నువ్వు భీ వరఖ్ కొట్టుడు నేర్చినవ్. రా, నౌకరి ఇప్పిస్త."

"నీ దగ్గర కూసుంటే ఈ పిల్లను నువ్వు సూస్తవా భాయ్?" అనేదాన్ని.

వీధిలో ఇంత మాట్లాడినదాన్ని, లోపల ఒక్క మాట చెప్పలేదు. చెబితే, మరి బుక్కులో ఎందుకు రాయలేదని అడుగుతారు.

దసరా సెలవుల తర్వాత సారు బుక్కు ముందేసుకుని కూర్చున్నారు. పిల్ల బయటికి వెళ్లడం కోసమే తల కొట్టుకుంటోందని, కొట్టుకున్న ప్రతిసారీ మనం బయటికి తీసుకెళ్లి ఆ అలవాటును పెంచుతున్నామని చెప్పారు. బుక్కులో ఉన్నదాని ప్రకారం అది సరైన నిర్ణయమే. ఇకనుంచి వెనక గదిలో కూర్చోబెట్టాలి, గోడలకు పరుపులు కట్టాలి, కొట్టుకున్నప్పుడు ఎత్తుకోకూడదు, తట్టకూడదు, చూడనట్టు ఉండాలి అన్నారు. మేడమ్ నా వైపు తిరిగి, "నీకేమన్నా తోస్తే చెప్పు యాదమ్మా, రోజంతా ఉండేది నువ్వే కదా" అన్నారు.

"మీరు చెప్పినట్టే మేడమ్" అన్నాను.

వెనక గదికి కిటికీ లేదు. సుత్తుల చప్పుడు అక్కడికి అసలు వచ్చేది కాదు. రోజుకు రెండు సార్లు కొట్టుకునే పిల్ల రోజంతా కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను ఎదురుగా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మొదట్లో పెరిగి తర్వాత తగ్గుతుందని సారు ముందే చెప్పి ఉండటంతో అందరూ ఓపిక పట్టారు. తగ్గదని నాకొక్కదానికే తెలుసు. తొమ్మిదో రోజు పరుపు లేని తలుపు అంచుకు కొట్టుకుని కనుబొమ మీద చీలింది. నాలుగు కుట్లు పడ్డాయి.

మరునాడు అనసూయ ఒక్కతే వచ్చింది. "ఇంక బడేంది మేడమ్. ఇంట్లనే ఉంచుకుంటం" అని, పిల్ల పూసల డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. "నువ్వు మస్తు సూసుకున్నవ్ అక్కా" అంది.

నాలుగేళ్లు గడిచాయి. మేడమ్ ఇంకో బాబుకు ఇసుక పళ్లెంలో అక్షరాలు దిద్దిస్తుంటే పక్కన కూర్చున్న నా వేలు కూడా నేల మీద కదిలేది. మేడమ్ చూశారు. ఏమీ అడగలేదు. మరునాడు ఇంకో పళ్లెం తెచ్చి నా ముందు పెట్టారు. అలా యాభై రెండో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. ఏడాది తిరిగేసరికి దుకాణాల బోర్డులు కూడబలుక్కునేదాన్ని.

ఆ తర్వాత ఒకసారి బీరువా సర్దుతుంటే కావేరి బుక్కు చేతికొచ్చింది. నా చేతిరాతను నేను మొదటిసారి చదివింది అప్పుడే. "ముందు: కారణం కనిపించలేదు. పిల్ల: తల కొట్టుకుంది. తర్వాత: బయటికి తీసుకెళ్లాం." పేజీ తిప్పితే అదే. ఇంకో పేజీలోనూ అదే. కారణం తెలిసిన ఒకే ఒక్క మనిషి రోజుకు రెండు సార్లు, గుండ్రటి అక్షరాలతో, కారణం కనిపించలేదని రాసింది. సమయం గడిలో మాత్రం నా అంకెలు చాయ్ వేళనూ నమాజు వేళనూ వరుసగా చూపిస్తున్నాయి.

మేడమ్‌కు అంతా చెప్పాను. ఆమె బుక్కు తిరగేసి, అన్ని వారాలు ఒకే మాట ఎందుకుందని తాను కూడా అడగలేదని, అక్షరాలు చూసి మురిసిపోయానని అన్నారు.

ఆ వారమే లాడ్ బజార్ వెళ్లాను. అనసూయ ఎవరికో గాజులు తొడుగుతోంది. ఆ గిరాకీ వెళ్లేదాకా ఆగి, సుత్తుల సంగతి చెప్పాను.

"గీ మాట గప్పుడెందుకు చెప్పలే అక్కా?" అంది.

"నౌకరి పోతదని."

విడిగా పడిన గాజులను ఒక్కొక్కటే దారానికి ఎక్కించింది. "నీ నౌకరి పోలే. మా బిడ్డ బడి పోయింది" అంది.

అయినా ఇంటికి తీసుకెళ్లింది. పన్నెండేళ్ల కావేరి మందుల మత్తులో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వీపు మీద పాత లెక్కలోనే అరచెయ్యి వేశాను. నా చెయ్యి విదిలించుకుంది. చాంద్ భాయ్ కార్ఖానా అప్పటికే మూతపడింది. వెనక్కి తీసుకెళ్లి వినిపించడానికి కూడా ఏమీ లేదు.

ఈ ఏడు పని మానేసేదాకా, కొత్తగా చేరిన ప్రతి ఆయానూ బుక్కు ఇచ్చే ముందు పిల్ల దగ్గర తాను చూసింది నోటితో చెప్పమని అడిగాను. రాయడం రాకపోతే వాళ్లు చెప్పింది నేను రాశాను. మేడమ్ సారుకు బుక్కు చూపించేటప్పుడు ఆయాను పక్కన కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. ఆ ఉదంతం నేర్పింది ఇంతే. బుక్కులో రోజూ ఒకే మాట కనిపిస్తే పిల్లను మార్చబోయే ముందు, రాసిన మనిషిని పిలిచి అడగాలి. ఆ మనిషి ధైర్యంగా చెప్పగలిగేలా అడగాలి. నన్ను ఒకసారి అడిగారు. నేను చెప్పలేదు.