కడగని ముఖాలు

పక్కింటివాళ్లు గేటుకు రంగు వేయిస్తున్నారు. టర్పెంటైన్ వాసన మా వంటింటి దాకా వచ్చింది. ఖమ్మంలోని ఈ ఇంట్లో అందరూ ముక్కులు మూసుకుంటే, నేను మాత్రం పొయ్యి ఆపి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆ వాసన మా నాన్నది. ఇల్లెందులో బొగ్గుబావి షిఫ్టు దిగి, స్నానం చేసి, చాయ్ తాగి ఆయన కుంచె పట్టేవాడు. కార్మికుల కాలనీలో ఎవరు పోయినా, దశదినకర్మ నాటికి గోడకు పెట్టుకునే బొమ్మ ఆయనే వేసివ్వాలి. ఇంటివాళ్లు తెచ్చేది గుర్తింపు కార్డు మీది గోరంత ఫొటో. మిగతాదంతా నాన్న కళ్లలోనే ఉండేది. పోయినవాళ్లతో కలిసి బావిలోకి దిగినవాడే కదా.

ఆయనకు ఒక పట్టుదల ఉండేది. బావిలో పనిచేసినవాడి బొమ్మయితే కనురెప్పల అంచున సన్నటి నల్లగీత ఉండి తీరాలి. ఎంత సబ్బు రుద్దినా రెప్పల మొదట్లో బొగ్గు మిగిలేది. నాన్న కళ్లకూ ఉండేది. పట్నం చేరి ఉద్యోగాలు చేస్తున్న కొడుకులకు మాత్రం అది నచ్చేది కాదు. ఒకతను బొమ్మ చూసి నవ్వాడు.

"మా బాపుకు కాటుక వెట్టినవేందే కాకా? నాటకపోడు అనుకున్నవా?"

"బొగ్గు బిడ్డా అది. మీ బాపు కండ్లు గట్లనే ఉండేటియి."

"నలుగురు వచ్చిపోయే ఇల్లు. జర తెల్లగ చెయ్యి, కోటు గూడ తొడుగు."

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. నోరు ఊరుకోదు. "బతికినన్ని దినాలు కోటు తొడగనోనికి ఇప్పుడెందుకన్నా? ఆడ చలి పెడతదా?" అన్నాను. నాన్న నన్ను కసిరి, బొమ్మను గుడ్డలో చుట్టి లోపలికి తెచ్చేశాడు. దిద్దలేదు. అలా తిరిగొచ్చిన బొమ్మలన్నీ మా గోడకే చేరాయి. "ఊరోళ్ల పెద్దలంత మనింట్లనే కాపురం" అని అమ్మ సణిగేది. సణుగుతూనే, పెద్దలకు పెట్టే పెత్రమాసనాడు మా తాతలకు విస్తరి వేసి, ఆ బొమ్మల ముందు కూడా తలా ఒక గారె పెట్టేది. "గట్ల చూస్తుంటే మనకు ముద్ద దిగుతదా?"

వెక్కిరింపులు నాన్నను కదిలించలేదు. కదిలించింది లచ్చమ్మత్త. ఆమె భర్త నాన్న జట్టు మనిషి; బావిలో పైకప్పు కూలి చనిపోయాడు. ఆ బొమ్మను నాన్న అన్నిటికన్నా ప్రేమగా వేశాడు. ఆమె చాలాసేపు చూసి, కొంగుతో ఆ కళ్లు తుడవబోయింది. ఆరిన రంగు, రాలేదు.

"ఉన్నన్ని దినాలు ఆ మసి కడుక్కుంటనే ఉండె. సచ్చినంక గూడ బొగ్గేనా అన్నా? ఇప్పటికన్న ఆయన మొకం కడుగుండ్రి."

నాన్న ఆమె ఎదుటే కూర్చుని ఆ గీత మీద ఒంటిరంగు పూశాడు. రంగు మందమై, ఒక కన్ను కొంచెం వాచినట్టు వచ్చింది. ఆమె మాత్రం బొమ్మను పసిబిడ్డలా ఎత్తుకుని వెళ్లింది.

ఆ తర్వాత ఆయన ఎవరికీ ఆ గీత వేయలేదు. నేను వాదనకు దిగాను.

"నువ్వు చూసింది అబద్ధమా నాయినా?"

"నిజమే బిడ్డా. నేను ఏసి ఇచ్చేస్త. పొద్దున లేస్తే దాన్ని చూసుకుంట బతకాల్సింది ఆమె గద."

"అయితే ఇగ అండ్ల నీదేముంది?"

అప్పటి నుంచి బొమ్మలు నున్నగా వచ్చేవి, అందరూ మెచ్చుకునేవారు. ఆయన మాత్రం పూర్తయిన బొమ్మను ఒక్కసారైనా దూరం జరిగి చూసుకునేవాడు కాదు. ఫ్లెక్సీలు రాగానే ఎవరూ మానెయ్యమనకముందే కుంచెలు అటకెక్కించాడు. ఆయన ఓడిపోయాడని నేనంటాను. అదేం కాదని అమ్మ అంటుంది.

మొన్నటి వానాకాలం నాన్న పోయాడు. ఆఖరి స్నానం చేయిస్తుంటే అమ్మ మగవాళ్లను పక్కకు జరిపి, తడికొంగు వేలికి చుట్టుకుని ఆయన కనురెప్పల అంచులు రుద్దడం మొదలుపెట్టింది. రుద్దుతూనే ఉంది. ఆయన బావి దిగడం మానేసి ఎన్నో ఏళ్లు. అక్కడ ఏ మసీ లేదు.

"ఏం లేదక్కా, ఇడిసిపెట్టు" అన్నారెవరో.

"ఉండనియ్యుండ్రి" అన్నాను నేను. "ఇంక పోలే."

నాన్నతో నా వాదన ఇప్పటికీ తెగలేదు. కాకపోతే ఇప్పుడు రెండు వైపులా నేనే మాట్లాడుకోవలసి వస్తోంది.