శేషారత్నం అరవని మధ్యాహ్నాలు

శేషారత్నం వృత్తి ఏడవడం. సినిమాలో హీరోయిన్ ఏడిస్తే ఆమెకు గొంతిచ్చే అమ్మాయి వేరే ఉంటుంది. శవం చుట్టూ గుండెలు బాదుకునే ఆడవాళ్ళు, ఇల్లు అంటుకుంటే పరుగెత్తే జనం, విలన్ పీక పట్టుకోగానే కెవ్వుమనే పనిమనిషి, వీళ్ళందరి గొంతూ శేషారత్నానిదే. తెనాలి దగ్గర నుంచి వేషాల కోసం వచ్చింది. వేషానికి మొహం చాలదన్నారు. డబ్బింగ్ థియేటర్లో మైకుకు మాత్రం ఆ గొంతు నచ్చింది. మొగుడు పోయినా, వయసు యాభై దాటినా ఆ గొంతే అన్నం పెట్టింది.

ఫిల్మ్‌నగర్ అనగానే బయటివాళ్ళు గేట్లూ, కుక్కలూ, మేడలూ ఊహించుకుంటారు. ఆ మేడల వెనక గుట్ట తొలిచి కట్టుకున్న రేకుల ఇళ్ళ సంగతి మేడలవాళ్ళకే సరిగా తెలియదు. అలాంటి ఒక సందులో, బుచ్చమ్మ కిరాయికిచ్చిన గదుల వరసలో శేషారత్నం ఉండేది. అన్నం తిన్నాక తలుపు మూసుకుని ప్రాక్టీసు చేసేది. మొదట్లో జనం కర్రలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. తర్వాత నవ్వుకున్నారు. ఆ తర్వాత ఆ ఏడుపు వినబడితే మధ్యాహ్నం అయిందని పిల్లలను పడుకోబెట్టేవారు. మనిషి దేనికైనా అలవాటు పడతాడంటారు, నిజమే. ఏడుపుకైతే మరీ తొందరగా పడతాడు.

మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న ఏళ్ళవి. రాత్రంతా కాల్ సెంటర్ పిల్లలను సుమోల్లో తిప్పే డ్రైవర్లకు మంచి గిరాకీ ఉండేది. అలాంటి డ్రైవరు క్రాంతికుమార్ పెళ్ళాంతో వచ్చి శేషారత్నం పక్క గదిలో దిగాడు. మధ్యలో ఒంటి ఇటుక గోడ. దువ్విన తల, ఇస్త్రీ చొక్కా, పెద్దవాళ్ళు ఎదురైతే నమస్తే. ఇలాంటివాళ్ళను చూసి మురిసిపోవడం మనకు తరతరాల జబ్బు. బుచ్చమ్మయితే 'బంగారమసొంటి పోరడు' అని సర్టిఫికెట్ కూడా ఇచ్చేసింది. పెళ్ళాం నవత జగిత్యాల వైపు పిల్ల. తల్లీ తండ్రీ లేరు. మేనమామ పెళ్ళి చేసి చేతులు దులుపుకున్నాడు.

దిగిన కొత్తలోనే క్రాంతికుమార్ శేషారత్నం గుమ్మంలోకి వచ్చాడు.

"ప్రాక్టీస్ ఏ టైంల చేస్తవ్ ఆంటీ?"

రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే మనిషి కదా, నిద్ర పాడవుతుందని అడుగుతున్నాడనుకుంది ఆమె. "అన్నం తిన్నాక చేసుకుంటాను బాబూ. నీకు ఇబ్బందయితే చెప్పు, మానేస్తాను" అంది.

"అయ్యో, మానకు. ఏం ఫికర్ లేదు. నాకు గోలల్నే మంచిగ నిద్ర వడ్తది" అన్నాడు నవ్వుతూ.

ఎంత మంచి కుర్రాడో అనుకుని ఆ మధ్యాహ్నం ఇంకొంచెం గట్టిగానే ఏడ్చింది.

వేసవి ముదిరాక ఆమె గొంతు బొంగురుపోయింది. స్వరపేటిక వాచిందని, కొన్నాళ్ళు నోరు విప్పొద్దని డాక్టరు చెప్పాడు. మొదటి మధ్యాహ్నం వేడినీళ్ళ గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. వీపు వెనక గోడ దడేలుమంది. ఆ వెంటనే అరుపు.

మైకు ముందు అరిచేవాళ్ళు ముందు ఊపిరి పీల్చుకుంటారు. ఇది ఊపిరి లేకుండా వచ్చిన అరుపు. సగంలో ఆగిపోయింది, ఎవరో నోరు నొక్కినట్టు. గ్లాసు కింద పెట్టబోతే నీళ్ళు చీర మీద ఒలికాయి. శేషారత్నం తలుపు తీసుకుని బయటికి వచ్చింది. ఎదురింటి అరుగు మీద బుచ్చమ్మ బియ్యం ఏరుతోంది.

"ఇయ్యాల మస్తు ఒర్రినవ్ రత్నమ్మా. నిజంగ సంపుతున్నట్టే ఉండె" అంది బుచ్చమ్మ తల ఎత్తకుండానే.

"నేను కాదు" అంది శేషారత్నం. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

బుచ్చమ్మ నవ్వింది. "సూడు, ఒర్రి ఒర్రి గొంతు ఎట్ల పోయిందో. జర మిరియాల పాలు తాగు."

ఆమె పోయిన గొంతే ఆమె అరిచిందనడానికి సాక్ష్యమైంది. ఎన్ని మధ్యాహ్నాలు తను ఇవతల ఉత్తుత్తి ఏడుపు ఏడుస్తుంటే అవతల నిజం ఏడుపు నడిచిందో శేషారత్నానికి అప్పుడు తట్టింది. లోపలికి వెళ్ళి తలుపు గడియ వేసుకుంది. భయం వేసింది. ఎవరి మీదో కోపం రావాల్సిన చోట ఆమెకు భయమే వచ్చింది.

సాయంత్రం డ్యూటీకి బయల్దేరుతూ క్రాంతికుమార్ గొంతు బిళ్ళలు తెచ్చి ఇచ్చాడు.

"జల్ది బాగు చేస్కో ఆంటీ. నువ్వు ఒర్రకుంటె గల్లీ అంత సప్పగైంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కళ్ళు మాత్రం ఆమె మొహం మీంచి కదలలేదు. బిళ్ళలు అందుకుని ఆమె గబుక్కున లోపలికి తిరిగింది. ఆ తొందర అతను చూశాడు.

మర్నాడు బట్టలారేసే తీగ దగ్గర నవత కనబడింది. ఎండలో కూడా మెడకు చున్నీ చుట్టుకుని ఉంది. శేషారత్నం దగ్గరికి వెళ్ళి, వచ్చీరాని గొంతుతో "బుచ్చమ్మకు చెబుదామా అమ్మా?" అని అడిగింది.

నవత చేతిలోని తడిబట్ట జారిపోయింది. "వద్దు పెద్దమ్మా. ఎవలన్న అడిగితె నువ్వే ఒర్రినవని చెప్పు. నీ కాళ్ళు మొక్కుత. నువ్వు కాదని ఎవలతోనన్న అన్నవంటె నన్ను సంపుతడు. ఆ మాటే అన్నడు."

చెబితే చంపుతాడు. చెప్పకపోతే ఏదో ఒక మధ్యాహ్నం ఎలాగూ చంపుతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే. చెప్పనని శేషారత్నం మాట ఇచ్చింది. గది ఖాళీ చేసి మోతీనగర్‌లో ఉన్న తోడికోడలింటికి పోదామా అని కూడా ఆలోచించింది. పెట్టె సర్దింది. తను పోతే ఆ గోడకు ఇటువైపు వినేవాళ్ళు కూడా ఉండరని తట్టి, మళ్ళీ విప్పింది.

మాట తప్పకుండా చేయగలిగిన పని ఆమెకు ఒక్కటే కనిపించింది. మర్నాటి నుంచి అన్నం తినగానే బయటికొచ్చి బుచ్చమ్మ అరుగు మీద, సరిగ్గా క్రాంతికుమార్ కిటికీకి ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. బుచ్చమ్మ చాటే తీసుకుని ఆమెకు బియ్యం ఏరిపెట్టేది. తను వీధిలో కూర్చుంటే, తన అరుపు చాటున అతను చెయ్యెత్తలేడని ఆమె ఆశ. 'ఇంట్ల ఉడుకపోస్తుందేమో' అనుకుంది బుచ్చమ్మ. పని కలిసొస్తోంది కాబట్టి అంతకన్నా అడగలేదు.

కిటికీ రెక్క కొంచెం తెరుచుకునేది. ఆ సందులోంచి అతను చూస్తున్నాడని శేషారత్నానికి తెలుసు. వేళ్ళు రాయేదో బియ్యమేదో తేల్చుకోలేకపోయేవి. ఒకసారి అతను బనీను మీదే బయటికొచ్చి "ఇంట్ల కూసో ఆంటీ. ఎండ దెబ్బ తగిల్తె సచ్చిపోతవ్" అన్నాడు మెల్లగా. ఆమె తల ఎత్తలేదు. లేవనూ లేదు. అది ధైర్యమని ఎవరైనా అంటే ఆమె ఒప్పుకోదు. కాళ్ళు లేవలేదంటుంది.

గోడ కొన్నాళ్ళు నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దం ఆమెను ఇంకా భయపెట్టింది.

నల్లా వచ్చిన ఒక మధ్యాహ్నం సందంతా బిందెల వరస. పొద్దుటి నుంచీ కరెంటు లేక ఆడవాళ్ళందరూ బయటే ఉన్నారు. ఉన్నట్టుండి అరుపు లేచింది. అలవాటు కొద్దీ ఎవరో నవ్వి, "షురూ చేసింది రత్నమ్మ" అన్నారు. అందరూ ఆమె గది వైపు చూసి, అక్కడ తాళం కనబడి, ఆమె కోసం వెతికి, అరుగు వైపు తిరిగారు.

శేషారత్నం అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో చాట. పెదాలు మూసి ఉన్నాయి.

రెండో అరుపు వచ్చింది. వాళ్ళు ఆ మూసిన నోటిని చూస్తుండగానే వచ్చి, సగంలో తెగిపోయింది. తర్వాత ఏమీ లేదు. బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా ఎవరూ నల్లా కట్టలేదు. బుచ్చమ్మ శేషారత్నం నోటి వైపు చూసింది, గోడ వైపు చూసింది, మొహం పాలిపోయింది. శేషారత్నం ఇచ్చిన మాట తప్పలేదు, ఒక్క ముక్క అనలేదు. చాట పక్కకు తోసి ఆ తలుపు వైపు నడిచింది. వెనకాల బుచ్చమ్మ పరుగున వచ్చింది.

"క్రాంతీ, తలుపు తియ్."

"టీవీ బుచ్చమ్మా. సీరియల్ వస్తుంది" లోపలి నుంచి జవాబు, ఆయాసపడుతూ.

"పొద్దుగాలసంది కరెంటు లేదు గల్లీల" అంది బుచ్చమ్మ. "తలుపు తియ్."

తీయలేదు. నీళ్ళతో ఉన్న బిందెలతోనే ఆడవాళ్ళు రేకు తలుపును మోదారు. గడియ ఊడి తలుపు తెరుచుకుంది. నవత గోడ వారన పడి ఉంది. చున్నీ మెలిక మెడలో బిగిసి ఉంది, దాని కొస అతని పిడికిట్లో ఉంది. ఆమె మొహం నల్లబడింది.

"నా పెండ్లాం, నా ఇష్టం. ఎవలన్న అడుగు వెడితె ఒక్కొక్కరి ఇల్లు నాకు ఎరుకే" అన్నాడు.

అందరూ గుమ్మంలోనే ఆగిపోయారు. మగవాళ్ళు వీధి చివర నుంచే చూస్తున్నారు. ఆ క్షణంలో ఒక్కరు వెనక్కి తగ్గినా అందరూ తగ్గేవారే. శేషారత్నం కాళ్ళు ఇక నిలవలేక లోపలికి తూలి కూలబడింది. కూలబడ్డ చోట నవత తల ఉంది. దాన్ని ఒళ్ళోకి లాక్కుని, చున్నీ మెలికలోకి వేళ్ళు దూర్చి లాగడం మొదలుపెట్టింది. అతను చెయ్యెత్తాడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది గానీ వేళ్ళు తీయలేదు. దెబ్బ పడేలోపు బుచ్చమ్మ మధ్యలోకి వచ్చేసింది, ఆమె వెనక సందంతా వచ్చింది. చిన్న గది అది, అంతమంది చొరబడ్డాక అతనికి చెయ్యి ఆడించే చోటు లేకపోయింది. నవత గొంతులోంచి ఈల లాంటి చప్పుడుతో ఊపిరి వచ్చింది.

తర్వాత పోలీసు స్టేషను, ఆసుపత్రి. గృహహింస మీద కొత్త చట్టం వచ్చిందని ఎవరో మహిళా సంఘం ఆవిడ చెబితే కేసు దాకా వెళ్ళింది. క్రాంతికుమార్ జైలుకు వెళ్ళి, కొన్నాళ్ళకే బెయిలు మీద బయటికొచ్చాడు. సినిమా అయితే ఇంటర్వెల్ ముందే అతని కథ ముగిసేది. ఇక్కడ మాత్రం అతని సుమో మళ్ళీ సందు మొదట్లో ఆగడం మొదలైంది. హారన్ రెండుసార్లు మోగేది, అంతే, వెళ్ళిపోయేది.

నవత శేషారత్నం గదిలోనే ఉండిపోయింది. శేషారత్నం డబ్బింగుకు పోయిన రోజున ఎవరో ఒకరు పనులు తెచ్చుకుని ఆ గుమ్మంలో కూర్చునేవారు. ఇంట్లో ప్రాక్టీసు మానేసింది శేషారత్నం. సందులో ఇప్పుడు మధ్యాహ్నాలు నిశ్శబ్దంగా ఉండేవి. ఆ నిశ్శబ్దంలో ఎవరికీ సరిగా నిద్ర పట్టేది కాదు. నవత అయితే మాటే తగ్గించింది. గిన్నె కింద పెట్టినా చప్పుడు కాకుండా పెట్టేది. తుమ్ము వస్తే కొంగు అడ్డం పెట్టుకునేది.

ఒక మధ్యాహ్నం శేషారత్నం థియేటర్లో ఉంది. గుమ్మంలో కూర్చున్న మనిషి పొయ్యి మీద పాలున్నాయని ఒక్క నిమిషం ఇంటికి వెళ్ళింది. అప్పుడు నవత గొంతు కెవ్వుమంది.

బుచ్చమ్మ ఎంగిలి చేత్తోనే పరుగెత్తింది. ఒకామె రోకలితో, ఒకామె తలకు సగం రాసుకున్న నూనెతో, ఒకామె చంకలో పిల్లతో వచ్చారు. ఈసారి వీధి చివరి మగవాళ్ళు కూడా వచ్చారు. గది గుమ్మం నిండిపోయింది. లోపల నవత చెయ్యి ఊదుకుంటూ నిలబడి ఉంది. పొయ్యి మీద బాణలి.

"ఏం లేదు. నూనె చిట్లింది" అంది తల దించుకుని.

ఎవరూ నవ్వలేదు. బుచ్చమ్మ లోపలికి వెళ్ళి మంచం కింద చూసింది, తలుపు వెనక చూసింది, వెనక కిటికీ గడియ లాగి చూసింది. వీధి మొదట్లో సుమో ఉందేమో చూసి రమ్మని మగవాళ్ళను పంపింది. ఆ తర్వాతే ఊపిరి వదిలింది.

బుచ్చమ్మ ముందు నవత సిగ్గుతో చితికిపోయింది. "పనులన్ని ఇడిసిపెట్టి ఉరికొచ్చిన్రు. ఇగ ఒర్ర పెద్దమ్మా. నోరు మూసుకుంట."

"వద్దు" అంది బుచ్చమ్మ. ఆ పిల్ల కాలిన చేతిని తన ఎడమ చేతిలోకి తీసుకుంది. "ఒర్రు బిడ్డా. నూనె చిట్లినా ఒర్రు, బల్లి వడ్డా ఒర్రు. అది ఎందుకో మేం వచ్చి చూసుకుంటం."