ముడతలు లేని వదిన

కొండ మీది దేవుడి సాక్షిగా, నేను రోజూ తినే రాగిముద్ద సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. హోసూరులో నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే పుస్తకం మూసేస్తారని తెలుసు. ఇదివరకు నేను పెట్టిన ఒట్లన్నీ ఒక లెక్క, ఇది ఒక లెక్క. ఇది మా వదిన సంగతి.

తొంభైల చివర్లో, నాకింకా పెళ్లికాని రోజుల్లో, అన్నావదినల ఇంట్లోనే ఉండేవాణ్ణి. చుట్టుపక్కల ఊళ్లు తిరిగి మోటారు పంపులు బాగుచేయడం నా పని. తళి దారిలో గులాబీ తోటలకు ప్లాస్టిక్ పందిళ్లు కొత్తగా లేస్తున్న కాలం అది. వదిన ఒక తోటలో, కోసిన మొగ్గలను కాడ పొడవును బట్టి వేరుచేసి, కట్టలు కట్టి, చల్లగదిలో పెట్టే పని చేసేది. సాయంత్రం ఇంటికొచ్చి రాగిముద్ద కెలికేది. మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. ముద్ద నా కంచంలోకి రావాలంటే నేనొక అబద్ధం చెప్పాలి. మరిది మీద వదినకు ఆ మాత్రం హక్కు ఉంటుంది.

"ఈ పొద్దు తళి బస్సును ఏనుగు ఆపింది వదినా. కండక్టరు టికెట్ అడిగితే తొండమెత్తి నెలపాసు చూపించింది."

"సీటు దొరికిందా దానికి?"

"లేడీస్ సీట్లో కూర్చుంది. ఆడ ఏనుగే కదా."

వదిన నవ్వేది. నోరంతా తెరిచి, కొండనాలుక కనబడేలా నవ్వేది. మా అన్న నా అబద్ధాలకు నవ్వడు. ఆమె నవ్వు చూసి నవ్వేవాడు.

మొదట వేళ్లతో మొదలైంది. చల్లగది నుంచి బయటికి వచ్చేసరికి అవి సున్నంలో ముంచినట్టు తెల్లబడేవి. కాసేపటికి నీలంగా మారేవి. పొయ్యి దగ్గర కూర్చుంటే ఎర్రగా కందిపోయేవి. చలిలో పని కదా, అంతేలే అనుకున్నాం. "నీ వేళ్లలో రంగంతా గులాబీలు తాగేస్తాండాయి వదినా" అన్నాను. ఆ రోజు నాకు రెండో ముద్ద దొరికింది.

తరువాత ముఖం. నుదుటి మీద గీతలు, కళ్ల పక్క ముడతలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. చర్మం నిగనిగలాడింది. గురుబరపల్లిలో పెళ్లికి పోతే, ఆమె సొంత చెల్లెల్ని చూపించి "ఈమె మీ అక్కా?" అని అడిగారు. ఇక వీధిలో ఆడవాళ్లు రావడం మొదలైంది.

"ఏం పూసుకుంటాండావమ్మా, మాకూ చెప్పకూడదా?"

నేను ఊరుకుంటానా. "రాలిన గులాబీ రేకులు, పుల్లటి మజ్జిగ. నూరేటప్పుడు మాత్రం నోరు మెదపకూడదు. మాట్లాడితే పనిచేయదు" అన్నాను. వారం తిరక్కుండా మా వీధి మధ్యాహ్నాలు ఎంత నిశ్శబ్దంగా మారాయో చెప్పలేను. వదిన కాదనలేదు, అవుననలేదు. అద్దం ముందు మునుపటికన్నా కాస్త ఎక్కువసేపు నిలబడేది. ఆమె తనను తాను అంత ఇష్టంగా చూసుకోవడం నేనెరిగి ఆ ఒక్క ఏడాదే.

ఆ తరువాత ఆమె నవ్వు తగ్గింది. నా అబద్ధాలు పాతబడ్డాయనుకున్నాను. ఒక ఏనుగు చాలక మందనంతా బస్సెక్కించాను. గున్నలకు అర టికెట్టు కొట్టించాను. వాటిలో ఒకదానికి చిల్లర రాలేదని కండక్టరుతో గొడవ కూడా పెట్టించాను. వదిన పెదవులు కొంచెం కదిలేవి, అంతే. నాకు కోపమొచ్చింది.

"ఏం వదినా, కట్టుబాటు మరిచిపోయినావా?"

"నీ అబద్ధం బాగుండాదప్పా. నా నోరే తెరుచుకోలేదు."

అప్పుడు చూశాను ఆమె కంచాన్ని. ముద్దను నమలం కదా, తుంచి పులుసులో అద్ది మింగుతాం. ఒకప్పుడు నాతో సమానంగా నిమ్మకాయంత ఉండలు మింగిన మనిషి గోలీలంత చేసుకుంటోంది. అదీ గుండెల దగ్గర ఆగితే నీళ్లు తాగి దించుతోంది. పిడికిలి మూసుకోవడం లేదు. ముద్ద కెలికే పని అన్న చేతికి ఎప్పుడో పోయిందని, అదీ నా కంటికి ఆనలేదని అప్పుడు తెలిసింది.

బెంగళూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ వదిన చేతి వెనక చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి ఎత్తబోయింది. అది లేవలేదు.

"ఒంట్లో కణాల మధ్య ఊరికే ఖాళీ ఉండదమ్మా. అక్కడ కొలాజెన్ అని ప్రోటీన్ పోగులుంటాయి. మూడు పోగులు మెలిపడి మోకులాగా ఉంటాయి. చర్మానికి, ఎముకకు, పేగుకు పట్టు వాటివల్లే. కొన్ని కణాలకు వాటిని వడకడమే పని. ఎక్కడైనా తెగితే అక్కడ చేరి నేస్తాయి, గాయం మానగానే ఆపేస్తాయి. నీ ఒంట్లో ఆపడం లేదు. గాయం లేకుండానే నేస్తున్నాయి. మెత్తగా సాగాల్సిన చోటంతా ఆ పోగులే నిండిపోతున్నాయి. ముడత పడాలంటే చర్మం మడత పడాలి కదా, అవి పడనివ్వవు."

"ఎందుకు ఆపడం లేదు మేడం?" అని అడిగాడు అన్న.

తెలియదంది. నెమ్మదింపజేసే మందులున్నాయి, వెనక్కి తిప్పే మందు లేదంది.

"మా మరిది మాదిరి" అంది వదిన. "మొదలుపెడితే నిలపడు."

డాక్టరమ్మ నవ్వింది. అన్న కూడా నవ్వాడు.

తిరుగు బస్సులో అత్తిబెలె దాటాక వదిన నా భుజం తట్టింది.

"వీధిలో చెప్పొద్దప్పా. గులాబీ రేకులే అని చెప్పు."

"ఎందుకు వదినా?"

"ఈ పొద్దు నన్ను చూసి కుళ్లుకుంటాండారు. తెలిస్తే అయ్యో పాపం అంటారు. నాకది వద్దు."

అలా ఆ అబద్ధం నా పనైంది. చలి పడదని వదిన తోట మానేస్తే, యజమాని రేకుల రహస్యం అడిగితే కోపమొచ్చి మానేసిందన్నాను. ఎండాకాలంలో చేతులకు తొడుగులు వేసుకుంటే, లోపల లేపనం ఉందన్నాను. చిక్కిపోతే, నాజూకుగా ఉండాలని కడుపు కట్టుకుంటోందన్నాను. సాయంత్రాలు అన్న ఆమెకు పలచగా రాగిజావ కాచేవాడు. నేను ఏనుగులను బస్సెక్కించేవాణ్ణి. వదిన ముఖం కదిలేది కాదు గానీ భుజాలు ఒకసారి ఎగిరిపడేవి. అదే ఆమె నవ్వు. దానికోసమే నేను పగలంతా అబద్ధాలు ఏరుకుంటూ తిరిగేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు ఆ నేత ఊపిరితిత్తుల్లోకి చేరింది. వదిన ఆ చలికాలం దాటలేదు.

ఆమెను పడుకోబెట్టిన చోట వీధి ఆడవాళ్లంతా చుట్టూ కూర్చున్నారు. "ఒక్క ముడత ఉండాదేమో చూడు. పెళ్లికూతురు మాదిరి ఉండాది" అంది ఒకామె. ఇంకొకామె కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఇంకేం దాచుకుంటావప్పా. ఆ రేకుల్లో ఇంకేమన్నా కలిపేదా?"

"కొంచెం పసుపు" అన్నాను.

ఒట్టు పెట్టాను కాబట్టి ఇది కూడా చెప్పేయాలి. డాక్టరమ్మ గదిలో వదిన ఆ మరిది మాట అనలేదు. "మళ్లీ ముద్ద కెలికేకి అవుతుందా?" అని ఒక్కటే అడిగింది. డాక్టరమ్మ ఆమె చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. ఎవరూ నవ్వలేదు. ఎక్కడపడితే అక్కడ అబద్ధం అల్లే నాకు ఆ గదిలో ఒక్కటీ తోచలేదు. "మా మరిది మాదిరి" అన్న మాట ఆమె పోయిన ఎన్నాళ్లకో నాకు తట్టింది. ఆమె అనాల్సిన మాటలాగే ఉందని ఆమె పేరు మీద మా అన్నకు చెప్పాను.

అన్న ఆ గదిలోనే, ఆమె పక్కనే కూర్చుని ఉన్నాడు. అయినా ఇప్పుడు ఎవరైనా వదిన మాట ఎత్తితే, ఆమె డాక్టరమ్మతో ఏమన్నదో తనే ముందుగా చెప్పి నవ్వుతాడు.