వీరవేణి గారి అయిదు మార్కులు

కరోనా తగ్గి సినిమా హాళ్ళు మళ్ళీ తెరిచాక వచ్చిన తొలి ఎండాకాలంలో నన్ను రాజమండ్రి కేంద్రానికి ఫీల్డ్ సూపర్‌వైజరుగా వేశారు. ప్రేక్షకుల అభిప్రాయాలు సేకరించే కంపెనీలో నా ఉద్యోగం. సీరియళ్ళ గురించి, సినిమాల గురించి జనం ఏమనుకుంటున్నారో అడిగి, ఆ అనుకున్నదాన్ని అంకెల్లోకి మార్చి టీవీ ఛానళ్ళకు పంపడం మా పని. దానికి కూడా జీతమిస్తారా అని మా బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు. నేను రిటైరయ్యేవరకు ఇచ్చారు.

ఆ వేసవిలో ఒక ఛానల్ కొత్త సీరియల్ మొదటి భాగం తీసి, ప్రసారానికి ముందే గోదావరి డెల్టా ఆడవాళ్ళకు చూపించి రమ్మంది. పద్ధతి ఇది. ఇన్వెస్టిగేటరు, అంటే ఇల్లిల్లూ తిరిగే మనిషి, ట్యాబులో ఆ భాగం చూపిస్తుంది. అయ్యాక కథకు, నటనకు, సంగీతానికి ఒకటి నుంచి అయిదు వరకు మార్కులు వేయమంటుంది. తర్వాత కొన్ని ఇళ్ళకు వేరేవాళ్ళు ఫోన్ చేసి సరిచూస్తారు. దాన్ని బ్యాక్ చెక్ అంటాం. రావులపాలెంలో ఒక వీధి పని రమణికి అప్పగించాను. కడియంలో ఒక మొక్కల నర్సరీ ఆఫీసులో కూర్చునే ఉద్యోగం వదులుకుని, మనుషులతో మాట్లాడే పని కావాలని మా దగ్గరికి వచ్చిన అమ్మాయి.

రమణి తెచ్చిన కాగితాల్లో ప్రతి ఇంట్లోనూ, ప్రతిదానికీ అయిదే. సంగీతానికి కూడా అయిదే. నేను విన్నాను ఆ సంగీతం. స్టీలు గిన్నెల షెల్ఫు కిందపడ్డట్టు ఉంటుంది.

హైదరాబాదు నుంచి క్వాలిటీ ఆఫీసరు మురళీధర్ గారు బ్యాక్ చెక్ చేస్తే అందరూ "చాలా బావుందండి" అన్నారట, అదే మాట, అదే వరస. ఆయన రిపోర్టులో ఫ్యాబ్రికేషన్ అని రాశారు. ఇళ్ళకు వెళ్ళకుండానో, ఏం చెప్పాలో ముందే నేర్పించో కాగితాలు నింపడమని దానర్థం. మా వృత్తిలో అంతకు మించిన నేరం లేదు. ఆ ముద్ర ఖాయమైతే ఉన్న ఉద్యోగం పోవడమే కాదు, ఈ లైనులో మరో కంపెనీ కూడా తీసుకోదు. అన్ని ఇళ్ళకూ వెళ్ళానని మాత్రం రమణి చెప్పింది. ఆ అమ్మాయి మొహం చూస్తే నాకు ఆఫీసరు మీద ఒళ్ళు మండింది. కానీ మంట కంటే కుతూహలమే ఎక్కువగా ఉంది. నా సర్వీసులో ఏ సీరియల్‌కీ వీధి వీధంతా అయిదు వేయగా చూడలేదు. చివరి నిర్ణయం తీసుకునేలోపు నేను స్వయంగా వెళ్ళొస్తానని పై ఆఫీసుకు రాశాను.

మొదట వెళ్ళింది వీరవేణి గారింటికి. ఆవిడ భర్త రావులపాలెం మార్కెట్లో అరటి గెలల వ్యాపారి. నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. నేను కాగితం తీసి పద్ధతి ప్రకారం మళ్ళీ అడిగాను. ఆ అమ్మాయి వచ్చి చూపించిందని చెప్పి, మళ్ళీ అన్నిటికీ అయిదు వేశారు. రమణి నిజంగానే వచ్చిందని తేలింది. మార్కుల సంగతి మాత్రం తేలలేదు. కాగితం సంచిలో పెట్టేసి కాఫీ తాగుతూ కూర్చున్నాను. ఎదురుగా టీవీలో వంటల కార్యక్రమం వస్తోంది.

"ఆవిణ్ణి చూడండి," అన్నారు వీరవేణి గారు. "ముద్ద నోట్లోకి వెళ్ళకముందే కళ్ళు మూసేసుకుని అద్భుతం అంటది. రుచి ఎప్పుడు తెలిసిందండీ ఆవిడకి?"

ఇక ఆవిడ ఆగలేదు, నేనూ ఆపలేదు. వార్తల చర్చలు సౌండు తీసేసి చూస్తారట. ముందు ఎవరికి కోపం వస్తుందో చెప్పడం ఆవిడకు సరదా. పాటల పోటీలో పిల్లలు పాడినదానికంటే జడ్జీలు ఏడ్చిందే ఎక్కువని ఫిర్యాదు. దెయ్యం సినిమాలంటే చిరాకు. దెయ్యం ఊరికే తలుపులు వేస్తూ తీస్తూ తిరుగుతుంది తప్ప, ఆ ఇంట్లో దానికేం పనో చెప్పరని. ఈమధ్య చూసిన పెద్ద హీరో సినిమా మీద మాత్రం నిజంగా కోపం.

"ఇంటర్వెల్ దాకా వాళ్ళమ్మ ఉందండి. తర్వాత ఏమైపోయిందండీ ఆవిడ? అంతమందిని కొట్టాడు గానీ, ఇంటికెళ్ళి అమ్మా అని ఒక్కసారి పిలవలేదు. నేను బయటికొచ్చేదాకా ఆవిడ కోసమే చూశాను."

ఇంత నిక్కచ్చి మనిషి ఆ గిన్నెల సంగీతానికి అయిదెలా వేశారు? అదే అడిగాను. ఆవిడ చీర కొంగు సర్దుకున్నారు.

"ఆ అమ్మాయి ఎండనపడి వచ్చిందండి పాపం. మొహం కందిపోయింది. బాగోలేదని రాస్తే కంపెనీవాళ్ళు ఆ అమ్మాయినేమన్నా అంటారేమో, జీతం కోసేస్తారేమో అనుకున్నాం. ఈ వీధిలో అందరం అనుకునే వేశామండి."

ఆ అయిదుల వల్లే రమణి ఉద్యోగం పోయేలా ఉందని చెప్పాను. "అయ్యబాబోయ్!" అని ఆవిడ లేచి వీధిలోకి వెళ్ళిపోయారు. నా కాఫీ చల్లారేలోపు పక్కింటివాళ్ళను, ఎదురింటివాళ్ళను వెంటబెట్టుకొచ్చారు. అందరూ మళ్ళీ కాగితాలు అడిగి తీసుకున్నారు. ఈసారి అన్నిటికీ ఒకటి వేశారు. కథకు ఒకటి, నటనకు ఒకటి. ఇప్పుడు అమ్మాయికి ఫర్వాలేదు కదండీ అని ఒకావిడ నన్ను ఆశగా అడిగింది. నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. వాళ్ళ మంచితనాన్ని కాదనలేను గానీ, చేతిలో ఉన్న కాగితాలు మాత్రం మళ్ళీ పనికిరానివే.

వాళ్ళంతా వెళ్ళాక వీరవేణి గారిని నిజంగా ఏమనిపించిందో చెప్పమన్నాను. మార్కులు వద్దన్నాను.

"మొదట్లో బాగానే ఉందండి. ఆ పెద్దకోడలికి ఎందుకంత కోపమో తెలుసుకోవాలనిపించింది. కాసేపటికి వాళ్ళే చెప్పేశారు. ఇంక రేపు నేనెందుకు చూడాలండీ?"

రెండు రకాల కాగితాలూ పెట్టి, జరిగింది జరిగినట్టు రాసి పంపాను. మురళీధర్ గారు నమ్మలేదు. ఎక్కడైనా కొందరు మొహమాటపడతారు గానీ వీధి వీధంతా పడదన్నారు. తనే వచ్చి చూస్తానన్నారు. ఆయన్ను, రమణిని వెంటబెట్టుకుని వీరవేణి గారింటికి వెళ్ళేసరికి భోజనాల వేళైంది. ఆ వేళకు వచ్చినవాళ్ళను తినకుండా పంపడం అక్కడ కుదరదు. ముగ్గురికీ విస్తళ్ళు వేశారు. అరటికాయ వేపుడు, మామిడికాయ పప్పు.

పప్పు నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు. గొంతు దిగడం లేదు. పక్కకు చూస్తే మురళీధర్ గారు కళ్ళు మూసుకుని ఉన్నారు.

"ఎలా ఉందండి?" అన్నారు వీరవేణి గారు.

"అద్భుతంగా ఉందండి," అన్నారాయన. మారు వడ్డిస్తే వద్దనలేదు.

వడ్డించేవాళ్ళు ఆఖర్న తింటారు కాబట్టి ఆవిడకు సంగతి తెలియదు. మా మొహాల్లో ఏదో తేడా కనబడి గరిటెతో కాస్త అరచేతిలో వేసుకుని రుచి చూశారు. ఆవిడ ఒకసారి, తోడికోడలు ఇంకోసారి ఉప్పు వేశారట. సిగ్గుతో ఎర్రబడిపోయారు.

"ఇంత ఉప్పుగా ఉంటే బావుందన్నారేంటండీ?"

"ఎండలో పొయ్యి దగ్గర అంతసేపు మాకోసం కష్టపడ్డారు కదండీ," అన్నారు మురళీధర్ గారు. మాట పూర్తయ్యాక ఆయన చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. నేను రమణి వైపు చూశాను. ఆ అమ్మాయి తలెత్తలేదు. పెరుగన్నం కలుపుకుంటోంది.

 రాజమండ్రి ఆఫీసుకు తిరిగి రాగానే ఆయన రిపోర్టు తెరిచి ఫ్యాబ్రికేషన్ అన్న మాట కొట్టేసి, దాని పక్కన సంతకం చేశారు.

వీరవేణి గారి మాట ఛానల్‌కు పంపాం. వాళ్ళు పట్టించుకోలేదు. పెద్దకోడలి కోపానికి కారణం మొదటిరోజే చెప్పేసి సీరియల్ మొదలుపెట్టారు. అది ఎన్నాళ్ళు నడిచిందో నాకిప్పుడు గుర్తులేదు.

అభిప్రాయం అడిగితే మనిషి మొదట ఎదురుగా ఉన్నవాళ్ళను చూస్తాడు, తర్వాతే చూపించిన వస్తువును చూస్తాడు. డెల్టాలో మొదటి చూపు దగ్గరే జవాబు అయిపోతుంది. ఆ తర్వాత మా కేంద్రం ప్రశ్నల్లోంచి ఎలా ఉంది అన్నది తీసేశాను. చూస్తూ చూస్తూ మధ్యలో ఎప్పుడు లేచారు, దేనికి లేచారు అని అడగడం మొదలుపెట్టాం. నేను రిటైరయ్యాక ఆ కేంద్రానికి రమణి సూపర్‌వైజరైంది. ఆ ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంచింది.